చదవనిస్తుంది, రాయనివ్వదు!

పిల్లలూ! మీ ఇంటి అటక మీద పాత టేపురికార్డరు కేసెట్లు ఏవైనా పడి ఉన్నాయేమో తాతయ్యనో అమ్మమ్మనో అడిగి చూడండి. దొరికితే ఒకదాన్ని చేతిలోకి తీసుకోండి. టేపు బయటికి కనిపించే అంచు ఒకటి ఉంటుంది కదా, దానికి ఎదురుగా ఉన్న అంచును చూడండి. రెండు మూలల్లోనూ చెరొక చిన్న ప్లాస్టిక్ రెక్క కనిపిస్తుంది. దుకాణంలో కొన్న పాటల కేసెట్టయితే ఆ రెక్కలు ఉండవు. వాటి చోట రెండు గుంటలు ఉంటాయి.

ఆ గుంటలు ఎందుకో తెలుసా? టేపురికార్డరు లోపల ఒక సన్నని మీట ఉంటుంది. కేసెట్టు పెట్టగానే అది ఈ మూలను తడిమి చూస్తుంది. రెక్క తగిలితే సరే, రికార్డు బటన్ కిందికి దిగుతుంది. గుంట తగిలితే ఎంత బలంగా నొక్కినా ఆ బటన్ దిగదు. పాట వినవచ్చు గాని దాని మీద మరొకటి రికార్డు చేయడానికి వీల్లేదన్నమాట. మా చిన్నప్పుడు మేము ఆ గుంటలో కాగితం ఉండచుట్టి కుక్కేవాళ్లం. మీట మోసపోయేది! అలా మోసపుచ్చి మా నాన్నగారి హరికథ కేసెట్టు మీద నా గొంతు రికార్డు చేసి, ఆ సాయంత్రం వీపు మీద దాని ఫలితం అనుభవించాను. ఆ గుంట విలువ అప్పుడు తెలిసింది.

కంప్యూటర్లోనూ సరిగ్గా ఇలాంటి గుంట ఒకటి ఉంది. అయితే అది కంటికి కనిపించదు, వేలితో తడమడానికి అందదు. దాన్ని చూసుకోకపోవడం వల్ల మా ప్రాంతంలో ఒక కుర్రవాడి ఉద్యోగం పోబోయింది. ఆ సంగతే ముందు చెబుతాను.

2003 ఫిబ్రవరి నెల. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే దారిలో మీరెప్పుడైనా ప్రయాణం చేస్తే రోడ్డుకు రెండు పక్కలా కిటికీలు లేని పెద్దపెద్ద భవనాలు చూసే ఉంటారు. అవే మిరపకాయల కోల్డ్ స్టోరేజీలు. కల్లాల్లో ఎండిన మిరపకాయలను గోతాల్లో తొక్కి, టిక్కీలు కట్టి, ట్రాక్టర్ల మీద తెచ్చి ఇక్కడ దాస్తారు. మిరపకాయకు ఎర్రదనం ఇచ్చే పదార్థం పేరు క్యాప్సాంథిన్. ఎండకూ వేడికీ అది మెల్లగా విరిగిపోతుంది, కాయ తెల్లబారుతుంది. చల్లగా, చీకటిగా ఉన్నచోట దాస్తే రంగు నిలుస్తుంది, పురుగూ పట్టదు. ధర బాగుండే రోజు దాకా రైతు ఆగగలుగుతాడు. ఈలోగా కోల్డ్ స్టోరేజీ వాళ్లు ఇచ్చిన రసీదు చూపించి బ్యాంకులో అప్పు తెచ్చుకుంటాడు. కాబట్టి ఆ రసీదు ఉత్త కాగితం ముక్క కాదు. ఏడాది కష్టమంతా దాని మీదే ఉంటుంది.

అలాంటి ఒక కోల్డ్ స్టోరేజీలో (పేరు ఎందుకు లెండి) నా దగ్గర చదువుకున్న అబ్బాయి గుమాస్తాగా పనిచేసేవాడు. సరుకు రాగానే రైతు పేరు, ఊరు, టిక్కీల సంఖ్య, తూకం కంప్యూటర్లో ఎక్కించడం, రసీదు అచ్చు తీసి ఇవ్వడం అతని పని. రసీదు సంఖ్యను కంప్యూటరే వేస్తుంది. ఆ సంఖ్యనే హమాలీలు టిక్కీల మీద రంగుతో రాసి లోపలికి చేరుస్తారు. ఎన్ని నెలల తరవాతైనా ఆ సంఖ్యను బట్టే సరుకును వెతికి తీస్తారు.

ఒకరోజు రాత్రి ఎనిమిది గంటలకు ఆ అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది.

"మాస్టారూ, మీరొకసారి రావాలండీ. ఒకే నంబరు రసీదు ఇద్దరు రైతుల దగ్గర ఉంది. నేనే దొంగ రసీదు కొట్టానని మా ఓనరు గారు అంటున్నారండీ" అన్నాడు.

"నువ్వు ఎక్కించింది కంప్యూటర్లో ఉంటుంది కదరా, చూపించు."

"అదేనండీ. ఇద్దరిలో ఒక్కరి పేరు కూడా అందులో లేదు!"

అప్పట్లో నేను సాయంత్రం కళాశాలలో కంప్యూటర్ డిప్లమా ఒకటి చదివి ఉన్నాను. అంతకుమించి నాకేమీ పాండిత్యం లేదు. అయినా శిష్యుడు పిలిచాక కాదనలేం కదా, స్కూటరు తీశాను.

అక్కడికి వెళ్లాక తెలిసిన విషయాలు ఇవి. నాలుగు రోజుల కిందట కంప్యూటర్ చెడిపోయింది. ప్రోగ్రాము రాసిచ్చిన ఆయన వచ్చి, విండోస్ 98ను మళ్లీ ఎక్కించి, అంతకుముందు సీడీలో దాచి ఉంచిన లెక్కల ఫైలును తిరిగి కంప్యూటర్లోకి కాపీ చేసి వెళ్లాడు. ఆనాటి నుంచి ప్రోగ్రాము చక్కగా తెరుచుకుంటోంది. పాత లెక్కలన్నీ కనిపిస్తున్నాయి. కొత్తవి ఎక్కిస్తుంటే తెరమీద వరుసగా చేరుతున్నాయి. రసీదులు అచ్చవుతున్నాయి. అంతా బాగానే ఉంది. కరెంటు పోయి వచ్చేసరికి మాత్రం ఆరోజు ఎక్కించినవి ఒక్కటీ లేవు. రసీదు సంఖ్యలు మళ్లీ మొదటికి వచ్చి, పోయినవారికి ఇచ్చిన సంఖ్యలనే కొత్తవారికీ ఇచ్చేస్తోంది. బయట వందల టిక్కీలతో ట్రాక్టర్లు బారులు తీరి ఉంటే సంఖ్య వెనక్కి వెళ్లిందని ఎవరు గమనిస్తారు?

నేను ప్రోగ్రాము జోలికి పోలేదు. దాన్ని మూయించి, లెక్కల ఫైలు ఎక్కడుందో చూపించమన్నాను. ఆ ఫైలు చివరిసారి మారిన తేదీ ఏమిటో చూశాను. సీడీలోకి కాపీ చేసుకున్న నాటి తేదీ ఉంది! మూడు రోజులుగా ఇంతమంది పేర్లు ఎక్కించారు కదా, ఫైలు ఒక్కసారైనా మారి ఉండాలి కదా? పరిమాణం చూశాను. సీడీలో ఉన్న ఫైలు ఎన్ని బైట్లో ఇదీ అన్నే బైట్లు. ఒక్క బైటు కూడా పెరగలేదు. డైరీలో రోజూ రాస్తున్నానని చెప్పేవాడి డైరీ తెరిచి చూస్తే, జనవరి తరవాతి పేజీలన్నీ తెల్లగా ఉన్నట్టుంది.

ఆ తరవాత ఫైలు మీద మౌసు కుడి బటన్ నొక్కి, దాని గుణాల పెట్టె తెరిచాను. అక్కడ ఒక చిన్న గడిలో టిక్కు పెట్టి ఉంది. గడి పక్కన ఉన్న మాట: రీడ్ ఓన్లీ. చదవడానికి మాత్రమే.

ఇదే నేను చెప్పిన కనిపించని గుంట. ఇది ఎక్కడ ఉంటుందో చూద్దాం.

మీ బడిలో హాజరుపట్టీ ఉన్నట్టే డిస్కులోనూ ఫైళ్లకు ఒక పట్టీ ఉంటుంది. ఆనాటి కంప్యూటర్లలో ఆ పట్టీ పేరు ఫ్యాట్ డైరెక్టరీ. నేటికీ పెన్ డ్రైవుల్లో, మెమరీ కార్డుల్లో ఇది కనిపిస్తుంది. అందులో ఒక్కో ఫైలుకు 32 బైట్ల వరుస కేటాయిస్తారు. మొదటి 8 బైట్లు ఫైలు పేరుకు, తరవాతి 3 బైట్లు పేరు తోకకు. ఆ వెంటనే ఉన్న 12వ బైటు ఫైలు గుణాలది. బైటు అంటే 8 బిట్లు కదా. ఎనిమిది దీపాలు వరుసగా ఉన్నాయనుకోండి. ఒక్కో దీపం ఒక్కో గుణం. 1 విలువ గల దీపం వెలిగితే చదవడానికి మాత్రమే అని అర్థం. 2 వెలిగితే దాచిన ఫైలు, 4 వెలిగితే కంప్యూటర్ సొంత ఫైలు, 32 వెలిగితే కాపీ తీసి భద్రపరచవలసిన ఫైలు. మామూలు ఫైలుకు ఈ బైటులో సాధారణంగా 32 ఉంటుంది. మా కోల్డ్ స్టోరేజీ ఫైలుకు 33 ఉండి ఉంటుంది. ముప్ఫై రెండుకూ ముప్ఫై మూడుకూ మధ్య ఒక్క దీపం తేడా. దానికే ఇంత రభస!

ఆ దీపం ఎవరు వెలిగించారు? ఎవరూ కావాలని వెలిగించలేదు. సీడీ మీద లేజరు కిరణంతో సమాచారం చదువుతాం. ఒకసారి ముద్ర పడ్డ సీడీ మీద మరొకటి దిద్దడం మామూలు సీడీలో కుదరదు. కాబట్టి సీడీలో ఉన్న ప్రతి ఫైలుకూ విండోస్ ఈ గుణాన్ని అంటగట్టి చూపిస్తుంది. విండోస్ 98లో ఫైలును హార్డ్ డిస్కులోకి కాపీ చేస్తే గుణం కూడా ఫైలుతోబాటే వచ్చేసేది. అత్తవారింటికి వచ్చిన పెళ్లికూతురు వెంట పుట్టింటి సారె వచ్చినట్టు. హార్డ్ డిస్కు మీద రాయడానికి ఏ అడ్డూ లేకపోయినా ఫైలు మాత్రం తాను ఇంకా సీడీలోనే ఉన్నాననుకుంటుంది!

మరి రాయడానికి వీల్లేనప్పుడు ప్రోగ్రాము ఆ మాట చెప్పాలి కదా, ఎందుకు చెప్పలేదు? నాకు బాగా కోపం తెప్పించింది ఇదే. ఆ ప్రోగ్రాము విజువల్ బేసిక్ అనే భాషలో రాసినది. డేటాబేస్ నిజానికి చెప్పింది. 3027 అనే సంఖ్య గల తప్పును ప్రతిసారీ తిరిగి ఇస్తూనే ఉంది. దాని అర్థం "మార్చలేను, ఇది చదవడానికి మాత్రమే" అని. కాని ప్రోగ్రాము రాసిన ఆయన మొదట్లోనే ఒక వరుస రాసిపెట్టాడు: ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్. అంటే, తప్పు ఏదొచ్చినా పట్టించుకోకుండా తరవాతి వరుసకు పో అని ఆజ్ఞ. డేటాబేస్ తలుపు మూసుకుని లేదు, లేదు, లేదు అంటోంది. ప్రోగ్రాము వినకుండా రసీదు అచ్చు వేస్తూ పోతోంది. తెరమీద కనిపించిన పేర్లన్నీ కంప్యూటర్ తాత్కాలిక జ్ఞాపకంలో ఉన్నవే. కరెంటు పోగానే అవీ పోయాయి. తరవాతి రసీదు సంఖ్య వేయడానికి ప్రోగ్రాము ఫైలులోని ఆఖరి సంఖ్య చూసి ఒకటి కలుపుతుంది. ఫైలు మారదు కాబట్టి ఆఖరి సంఖ్యా మారదు. ఇద్దరికి ఒకే రసీదు ఎలా వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదూ?

కంప్యూటరుకు అబద్ధం చెప్పడం రాదంటారు. నిజమే. దాని నోరు నొక్కడం మాత్రం మనిషికి బాగా వచ్చు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. లెక్కల ఫైలు తనను రాయనిస్తుందో లేదో ప్రోగ్రాము ముందే కనిపెట్టడం ఎలా?

అందరికీ మొదట తట్టే ఉపాయం, ఆ గుణాల బైటును అడగడం. దీపం వెలుగుతోందా, లేదా? ఇది సులువు. విజువల్ బేసిక్‌లో డేటాబేస్‌నే నేరుగా అడిగే వీలు కూడా ఉంది. అప్‌డేటబుల్ అనే గుణం ఉంటుంది. దాని విలువ అవును అయితే మార్చవచ్చు, కాదు అయితే వీల్లేదు. ఆ ఒక్క వరుస రాసి ఉంటే మా అబ్బాయికి ఆ రాత్రి నిద్ర పట్టేది.

కాని దీపం ఆరి ఉన్నంత మాత్రాన రాయడం కుదురుతుందనుకోకండి. అడ్డుపడే తలుపులు ఇంకా ఉన్నాయి. ఒకటి పరికరానిదే. పాత ఫ్లాపీ డిస్కులకు పక్కన ఒక గాడి ఉండేది. అయిదుంబావు అంగుళాల ఫ్లాపీలో ఆ గాడి మీద చిన్న కాగితం అంటిస్తే రాయడం ఆగిపోతుంది. అంతకుముందు వచ్చిన ఎనిమిది అంగుళాల ఫ్లాపీలో తిరకాసు: అక్కడ గాడి మూస్తేనే రాయవచ్చు! మూడున్నర అంగుళాల దానిలో జరిపే చిన్న తలుపు. కన్నం తెరిచి ఉంటే తాళం వేసినట్టు. ఇప్పటి కెమెరాల్లో వాడే పెద్ద ఎస్‌డీ కార్డు పక్కన కూడా చిన్న మీట ఉంటుంది. తమాషా ఏమిటంటే ఆ మీట సంగతి కార్డుకు తెలియదు. కార్డును దూర్చే పరికరమే దాన్ని తడిమి చూసి గౌరవించాలి. మన కేసెట్టు గుంట లాంటిదే.

రెండోది అనుమతి. లైనెక్స్ కంప్యూటర్లలో ప్రతి ఫైలుకు మూడంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. మొదటి అంకె ఫైలు సొంతదారుకు, రెండోది అతని బృందానికి, మూడోది తక్కిన లోకానికి. 644 అంటే సొంతదారు చదవగలడు, రాయగలడు (4+2=6); మిగతావారు చదువుకోగలరు. 444 అంటే ఎవరూ రాయడానికి లేదు. 640 అంటే ఏమిటో మీరు చెప్పండి చూద్దాం. విండోస్‌లోనూ ఎక్స్‌పీ కాలం నుంచి ఇళ్లలోని కంప్యూటర్లకు ఇలాంటి అనుమతుల పట్టీ వచ్చింది. ఇక్కడ గుణాల గడిలో టిక్కు లేకపోయినా ఈ పట్టీలో మన పేరు లేకపోతే రాయలేం.

మూడో తలుపు చాలామంది పెద్దలకే తెలియదు. ఫైలుకు అనుమతి ఉంటుంది, ఆ ఫైలు ఉన్న ఫోల్డరుకు ఉండదు! దానితో పనేమిటి, రాసేది ఫైలులో కదా అంటారేమో. పనుంది. డేటాబేస్ తన ఫైలులో నేరుగా రాసేయదు. మధ్యలో కరెంటు పోతే సగం పాతది, సగం కొత్తది అయి లెక్క చెడుతుంది కదా. అందుకని మార్చబోయే భాగం అంతకుముందు ఎలా ఉందో పక్కనే ఒక చిన్న ఫైలులో రాసి పెట్టుకుంటుంది. దాన్ని జర్నల్ అంటారు. ఏదైనా ప్రమాదం జరిగితే దాన్ని చూసి పాత స్థితికి వస్తుంది. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ కూడా పక్కన తాళం ఫైలు ఒకటి పుట్టిస్తుంది, ఇప్పుడు ఎవరెవరు లోపల ఉన్నారో రాసుకోవడానికి. ఫోల్డరులో కొత్త ఫైలు పుట్టనివ్వకపోతే ఈ రెండూ ఎక్కడ పుడతాయి? పుస్తకంలో రాయనిస్తాం గాని బల్ల మీద చిత్తుకాగితం పెట్టనివ్వం అన్నట్టే. అప్పుడు డేటాబేస్ చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది.

2000లో రిచర్డ్ హిప్ అనే అమెరికా దేశస్థుడు ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌ను తయారుచేశాడు. మీ నాన్నగారి ఫోనులో అది ఇప్పుడూ పనిచేస్తూనే ఉంది. రాయడానికి, చదవడానికి రెంటికీ తెరవమని అడిగితే, ఫైలుకు తాళం ఉన్నప్పుడు అది పోట్లాడదు. నిశ్శబ్దంగా చదవడానికి మాత్రమే తెరిచి ఇస్తుంది. మర్యాదస్థురాలే గాని మనం అడిగితే తప్ప చెప్పదు! అడగడానికి ఒక ప్రత్యేకమైన ప్రశ్న ఉంది. జవాబు 1 వస్తే చదవడానికి మాత్రమే, 0 వస్తే రాయవచ్చు, -1 వస్తే ఆ పేరుతో డేటాబేసే లేదు. అడగకుండా రాయబోతే 8వ నంబరు తప్పు చేతికిస్తుంది. ఫోల్డరు తలుపు మూసి ఉన్నప్పుడు మాత్రం ఈ ప్రశ్నకు 0 వచ్చి కూడా రాయబోయేసరికి తప్పు వచ్చే అవకాశం ఉంది.

2007లో విండోస్ విస్టా వచ్చినప్పుడు మరో చిత్రం జరిగింది. ప్రోగ్రాములుండే ఫోల్డరులో మామూలు వినియోగదారులు రాయకూడదని కట్టుదిట్టం చేశారు. మంచిదే. పాత ప్రోగ్రాములు పాపం తమ లెక్కల ఫైలును అక్కడే పెట్టుకునే అలవాటులో ఉన్నాయి. అవి పడిపోకుండా ఉండాలని విండోస్ ఒక ఉపాయం పన్నింది. అవి రాసేదాన్ని రహస్యంగా ఆ వినియోగదారుడి సొంత గదిలోకి మళ్లించింది. ప్రోగ్రాము రాశాననుకుంటుంది. నిజంగా రాస్తుంది కూడా. చదివితే కనిపిస్తుంది. అదే కంప్యూటర్లో రెండో గుమాస్తా తన పేరుతో తెరిస్తే మాత్రం మొదటివాడు రాసింది ఒక్కటీ ఉండదు! ఇద్దరికీ చెరొక పుస్తకం ఉందని ఇద్దరికీ తెలియదు. మా కోల్డ్ స్టోరేజీ గొడవకంటే ఇది ఘోరం కాదూ? ఇక్కడ తప్పు సంఖ్య కూడా రాదు.

కాబట్టి "రాయవచ్చా?" అని అడగడం కంటే రాసి చూడడమే నమ్మకమైన పరీక్ష. దీనికి మరో కారణం కూడా ఉంది. మన ఊళ్లో బస్సు వచ్చి ఆగగానే ఏం చేస్తారు? కిటికీలోంచి "సీటు ఖాళీయేనా అండీ?" అని అడిగి, ఖాళీయే అన్నారని నెమ్మదిగా చుట్టూ తిరిగి ఎక్కేలోగా ఆ సీట్లో మరొకరు కూచుని ఉంటారు. అనుభవజ్ఞులు అడగరు. కిటికీలోంచి తువాలు వేసేస్తారు. కంప్యూటర్లోనూ అంతే. గుణం అడిగిన క్షణానికీ రాసే క్షణానికీ మధ్య ఇంకో ప్రోగ్రాము ఆ ఫైలును పట్టుకోవచ్చు, ఎవరైనా అనుమతి మార్చవచ్చు, పెన్ డ్రైవు పీకేయవచ్చు. మంచి ప్రోగ్రాము తెరవగానే రాయడానికే తెరవమని అడుగుతుంది. కాదంటే చదవడానికి మాత్రం తెరిచి, ఆ మాటను తెరమీద పెద్ద అక్షరాలతో చెబుతుంది, భద్రపరిచే బటన్‌ను పనిచేయకుండా చేస్తుంది. ఇంకా జాగ్రత్త గలదైతే, పరీక్ష కోసమే ఉంచిన ఒక పట్టికలో ఇప్పటి సమయం రాసి, ఫైలు మూసి, మళ్లీ తెరిచి చదివి చూసుకుంటుంది. ఆ తరవాత కూడా ప్రతిసారీ రాసేటప్పుడు డేటాబేస్ ఇచ్చే జవాబు వింటూనే ఉంటుంది. తువాలు వేశాక కూడా దాన్ని ఎవరైనా తీసేయవచ్చు కదా!

రాయనివ్వకపోవడం ఎప్పుడూ చెడ్డదేనని మాత్రం అనుకోవద్దు. బాపట్ల జిల్లా భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే అనే ఆయన స్తూపాన్ని తవ్వించినప్పుడు రాతి పేటికలు దొరికాయి. వాటి మీద రెండు వేల ఏళ్లకు పైబడిన బ్రాహ్మీ అక్షరాలు ఉన్నాయి. ఆ రాతిని ఎవరుపడితే వారు దిద్దగలిగి ఉంటే ఈనాడు మనం చదవడానికి ఏం మిగిలేది? మన ఊళ్ల పొలాల లెక్కలు చూడండి. 1984లో కరణాల వ్యవస్థను రద్దు చేసేదాకా అడంగల్ పుస్తకం కరణంగారి దగ్గర ఉండేది. రాసేది ఆయనే. ఆయన చూపిస్తే రైతు చూసేవాడు, లేకపోతే లేదు. 2015లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన మీ భూమి ద్వారా రైతు తన అడంగల్‌ను, 1-బిని ఎవరినీ బతిమాలకుండా కంప్యూటర్లో చూసుకోగలిగాడు. చూడగలడు గాని అక్కడే కూచుని తన రెండెకరాలను ఇరవై ఎకరాలు చేసుకోలేడు! ఇక్కడ తాళం ఉండవలసిన చోటే ఉంది, అది అందరికీ తెలిసే ఉంది. కోల్డ్ స్టోరేజీలో ఆ రెండూ లేవు.

మీరూ ఒక ప్రయోగం చేసి చూడవచ్చు. బడిలోని కంప్యూటర్లో నోట్‌ప్యాడ్ తెరిచి నాలుగు వరుసలు రాసి భద్రపరచండి. తరవాత ఆ ఫైలు మీద కుడి బటన్ నొక్కి, గుణాల్లో రీడ్ ఓన్లీ గడిలో టిక్కు పెట్టండి. మళ్లీ తెరవండి. తెరుచుకుంటుంది. అయిదో వరుస రాయండి. రాయనిస్తుంది కూడా! భద్రపరచబోతే అప్పుడు అడ్డుకుంటుంది, ఆ పేరు మీద వీల్లేదంటుంది. అయిదో వరుస తెరమీద ఉంది, డిస్కు మీద లేదు. ఈ రెంటి తేడా ఒకసారి కళ్లారా చూస్తే మరిచిపోరు. మీ మాస్టారి ఫైళ్ల మీద మాత్రం చేయకండి సుమా, నన్ను తిట్టుకుంటారు.

ఇక ఆ రాత్రి సంగతి. గడిలోని టిక్కు తీసేసి, ప్రోగ్రామును మళ్లీ తెరిచి, ఒక పేరు ఎక్కించి, మూసి, తెరిచి చూశాం. పేరు ఉంది. ఫైలు తేదీ ఆనాటికి మారింది. ఓనరు గారిని పిలిచి అదంతా మళ్లీ ఆయన కళ్లముందే చేసి చూపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత ఆ అబ్బాయి భుజం మీద చేయి వేసి, అందరికీ టీ తెప్పించారు. గేటు దగ్గర వాచ్‌మన్ చేత్తో రాసిన పుస్తకంలో ఏ ట్రాక్టరు ఏ గంటకు వచ్చిందో ఉంది. రసీదుల నకళ్లు కార్బన్ కాగితం కింద భద్రంగా ఉన్నాయి. ఆ రెండూ ముందు పెట్టుకుని తెల్లవారేదాకా మూడు రోజుల లెక్కనూ కొత్త సంఖ్యలతో ఎక్కించాం.

ఒకే సంఖ్య పడ్డ టిక్కీలు మిగిలాయి. వాటిని విడదీయడం ఏ కంప్యూటర్ వల్లా కాలేదు. పొద్దున్నే ఇద్దరు రైతులూ వచ్చారు. ఒకరివి తేజ కాయలు, రెండో ఆయనవి 334 రకం. పెద్దాయన గోతం మూతి కొద్దిగా విప్పి, రెండు కాయలు తీసి అరచేతిలో పెట్టుకుని చూసి, "ఇవి నావి కావు బాబూ, ఆయనవి" అని పక్కకు జరిగాడు. గంటలో తేలిపోయింది.

ప్రోగ్రాము రాసినాయన మరుసటి వారం వచ్చి, ఆ నోరు నొక్కే వరుస తీసేశాడు. ఫైలు చదవడానికి మాత్రమే తెరుచుకుంటే తెర మొత్తం ఎర్రబడేలా చేశాడు. మా అబ్బాయికి అదీ చాల్లేదు. కంప్యూటర్ పక్కన గోడకు ఒక అట్టముక్క మేకు కొట్టి తగిలించాడు. నిన్నటి ఫైలు తేదీ, ఎన్ని బైట్లు, అని రెండు గళ్లు గీసి రోజూ పొద్దున సుద్దతో రాసేవాడు. నేను ఆ దారిన వెళ్లినప్పుడల్లా ముందు ఆ అట్టనే చూసేవాణ్ణి.